వంగనారూ, దివాన్‌గారి గొడుగూ

దివాను గరుడాచలం గొడుగు లేకుండా గడప దాటి ఎరగడు. రాజుగారు తోట చూడవస్తున్నారని, తాటాకు పందిరి కింద పెరుగుతున్న వంగనారును ఆ మిట్టమధ్యాహ్నమే ఆరుబయట నాటెయ్యమన్నాడు.

"ఈ నారు ఇంకా ఎండ మొహం ఎరగదు బాబూ, వాడిపోద్ది" అంది తోటపని గవరమ్మ.

"నిగనిగలాడుతోంటే వాడటమేమిటి? ఒక్క మొక్క చచ్చినా నీకు కొరడా దెబ్బలే."

గవరమ్మ అప్పటికప్పుడు ఓ ఆనవాయితీ పుట్టించింది. "చిత్తం. నాటమన్న పెద్దలు మొదటి మొక్క పక్కన గొడుగు లేకుండా నిలబడాలి. అది నిలదొక్కుకుంటే దానికి తమ పేరే పెడతాం."

పేరనగానే దివాను పొంగిపోయి ఎండలో నిలబడ్డాడు. కాసేపటికి మొక్క తల వాల్చింది. ఆ వెనకే దివానూ వాల్చాడు.

"నీడకి... నీడకి తీసుకుపోండి" అని గొణిగాడు.

"నారు కూడా అదే అడుగుతోంది బాబూ. రోజూ కాస్త కాస్త ఎండ చూపిస్తే ఇద్దరికీ అలవాటవుద్ది."

సంగతి విన్న రాజుగారు ఆనవాయితీ భేషుగ్గా ఉందని, ఏటా పాటించమని ఆజ్ఞాపించారు. అప్పట్నించీ నాట్లకు ముందు పందిరి తీసి నారునీ, గొడుగు తీసి దివానునీ రోజూ ఎండలో ఉంచేవారు.

ఏ ఏడు చూసినా నారే ముందు సిద్ధమయ్యేది.