గళ్ళ చొక్కా పరీక్ష

ఆ శనివారం మధ్యాహ్నం ప్రహ్లాదకు అన్నం సయించలేదు. సాయంత్రంలోగా ఒక మాట చెప్పాలి. కొంటాననో, కొనననో. ఆ ఒక్క మాట చెప్పలేక వారం రోజులుగా కిందా మీదా పడుతున్నాడు.

విషయం ఒక కెమెరా. కర్నూలులో ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళందరూ కలిసి ఒక బృందంగా ఏర్పడ్డారు. అందులో శశిధర్ అనే బట్టల కొట్టాయన తన పెద్ద కెమెరా అమ్మేస్తానన్నాడు. కొని ఏడాది తిరగలేదు, ఒక్క గీత పడలేదు, వచ్చిన పెట్టె కూడా భద్రంగా ఉంది. నంద్యాల నుంచి ఎవరో అడుగుతున్నారట. అయినా ప్రహ్లాద మాట కోసం సాయంత్రం దాకా ఆగుతానన్నాడు. ఆయన ఆగడమంటే గంటకోసారి ఫోన్ చేసి, ఏమన్నా తేల్చినావా అన్నా అని అడగడం.

ప్రహ్లాద విద్యుత్ శాఖలో ఇంజనీరు. గాలివానకు సగం ఊరు చీకటైనా తొణకడు. కెమెరా అనేసరికి మాత్రం అరచేతులు చెమట పడతాయి. తన దగ్గరున్న పాతదానిలో వెలుగును పట్టే సెన్సర్ చిన్నది. నీడలో తీస్తే బొమ్మంతా రవ్వలు రవ్వలుగా వస్తుంది. శశిధర్‌ది పెద్ద సెన్సర్, నీడలోనూ నున్నగా వస్తుంది. కానీ దాని ఫోకస్ నిదానమని యూట్యూబులో ఒకాయన చెప్పాడు. నిదానమన్నవాడికి కెమెరా పట్టుకోవడమే రాదని ఇంకొకాయన చెప్పాడు. అదే కంపెనీ వచ్చే నెల కొత్త మోడల్ వదులుతుందని, అప్పుడు ఇది కొన్నవాళ్ళందరూ నెత్తిన చేతులు పెట్టుకుంటారని మూడో ఆయన బెదిరించాడు. ముగ్గురి మాటలూ ప్రహ్లాద శ్రద్ధగా విన్నాడు. విన్న ప్రతిసారీ మనసు మార్చుకున్నాడు.

ఇదంతా ఎప్పుడూ ఉండే రొదే. ఈసారి ఊపిరి సలపనివ్వకపోవడానికి కారణం వేరే ఉంది. కూతురు భార్గవి ఎంట్రన్సు రాసి హాస్టల్ బడిలో ఆరో తరగతి సీటు తెచ్చుకుంది. ఆదివారం పొద్దున్నే ప్రయాణం. ఇక మీదట దసరాకు, ఎండాకాలానికి వచ్చిపోయే పిల్ల.

ఆ పిల్ల వెళ్ళేలోగా ఒక్క మంచి ఫోటో తీయాలన్నది ప్రహ్లాద కోరిక. హాల్లో గోడకు పెట్టుకునేది, ఈ వయసులో భార్గవి ఎలా ఉండేదో అలాగే నిలబెట్టేది ఒక్కటి. దాన్ని తప్పుడు కెమెరాతో తీస్తే? ఇంకో పదేళ్ళకు చూసుకుని, అయ్యో, పెద్ద సెన్సర్‌తో తీసి ఉంటే ఎంత బాగుండేదో అనుకోవలసి వస్తే? కెమెరా ఎప్పుడైనా దొరుకుతుంది, పదకొండేళ్ళ పిల్లను మళ్ళీ ఎక్కడి నుంచి తెచ్చుకోవడం?

బృందంలో ఒక ఆచారం ఉంది. ఎవరు కొత్త కెమెరా కొన్నా, దాన్ని ఒక ఆదివారం ప్రహ్లాదకు పరీక్షకు ఇవ్వాలి. ప్రహ్లాద సరే అన్నాడంటే ఆ కెమెరా పాసైనట్టే. మిగతావాళ్ళు ఇటుక గోడనో, పుస్తకాల బీరువానో తీసి బాగుందో లేదో చూసుకుంటారు. గోడను తీస్తే ఏం తెలుస్తాది, మనిషిని తీయాల అంటాడు ప్రహ్లాద. ఆ మనిషి భార్గవి.

పరీక్షకు అతను పెట్టుకున్న నియమాలు గట్టివి. అదే కిటికీ, అదే కుర్చీ. ప్రతిసారీ అదే ఎర్ర గళ్ళ చొక్కా, ఎందుకంటే సన్న గళ్ళలో పోగు పోగూ విడిగా కనబడితేనే లెన్సు మంచిదని లెక్క. కదలకూడదు. ముఖ్యంగా నవ్వకూడదు. నవ్వితే చెంపలు పైకి పోతాయి, కళ్ళు చిన్నవవుతాయి, ఒక కెమెరాకూ ఇంకో కెమెరాకూ పోలిక చెడిపోతుంది. ఇంత పద్ధతిగా ఎవరు చేస్తారని బృందంలో అందరూ మెచ్చుకునేవారు. ప్రహ్లాద పైకి ఏమీ అనేవాడు కాదు గానీ, లోపల పొంగిపోయేవాడు. భార్య నాగవేణి మాత్రం, ఊళ్ళో ఉన్న కెమెరాలన్నిటి ముందూ కూర్చున్న పిల్లకు స్కూలు వాళ్ళు ఫోటో అడిగితే స్టూడియోకు పోవలసి వచ్చిందని ఎత్తిపొడిచింది.

శశిధర్ కెమెరాను కొనే ముందు చూసుకోవాలని పోయిన ఆదివారం మళ్ళీ పరీక్షకు పెట్టాడు. తేలలేదు. కనురెప్పల వెంట్రుకలు ఒకదాంట్లో బాగున్నాయి, చొక్కా పోగులు ఇంకోదాంట్లో బాగున్నాయి. వారమంతా చూశాడు, ఆఫీసులో కూడా దొంగతనంగా తెరిచి చూశాడు. ఎంత చూసినా అంతే. చివరికి లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, కెమెరా బ్యాగు భుజాన వేసుకుని, దస్తగిరి సారు ఇంటికి బయలుదేరాడు.

దస్తగిరి సారు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆదివారాలు తెల్లవారుతుండగా తుంగభద్ర ఒడ్డుకు బృందాన్ని వెంటబెట్టుకుపోయేది ఆయనే. గురువుగారూ అని మొదట ఎవరో ఆటపట్టించడానికి పిలిచారు, అదే నిలిచిపోయింది. ఆయన పాఠం చెప్పగా ఎవరూ వినలేదు. దూరంగా ఉన్న కొంగను తీయడానికి ఏ లెన్సు కొనాలని ఒకసారి ఎవరో అడిగితే, చెయ్యి పట్టుకుని నాలుగడుగులు ముందుకు నడిపించి వదిలేశాడు. ఎవరైనా ఫోటో చూపిస్తే చాలాసేపు చూసి "ఊ" అంటాడు. ఆ "ఊ" మెచ్చుకోలో తిట్టో తేల్చుకోవడానికి వాళ్ళకు వారం పడుతుంది.

ప్రహ్లాద వెళ్ళేసరికి సారు వసారాలో పీట మీద కూర్చుని, ఎవరి ఫోటోకో ఫ్రేము కట్టడానికి అట్టను బ్లేడుతో కోస్తున్నాడు. అన్నం తిన్నావా అని అడిగాడు. తిన్నానని ప్రహ్లాద అబద్ధమాడాడు. కూర్చోమనకముందే కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు.

తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాడు. ఒక్కో బొమ్మలో ఒక్కో కన్ను, తెరంతా నిండేంత పెద్దది. ఎడమ పక్కది తన పాత కెమెరాతో తీసిందని, కుడి పక్కది శశిధర్‌దానితో తీసిందని చెప్పాడు. వెంట్రుకల కొసలు చూడమన్నాడు. తర్వాత కన్ను పక్కకు జరిపి చొక్కా కాలరు తెచ్చి, గళ్ళ అంచుల్లో రంగు ఎక్కడ చెదిరిందో వేలు పెట్టి చూపించాడు. వచ్చే నెల రాబోయే మోడల్ గురించి చెప్పాడు. రేపు పాప వెళ్ళిపోతోందనీ, ఆలోగా ఒక్క ఫోటో తీయాలనీ, అది తప్పుడు కెమెరాతో తీస్తే జన్మంతా బాధపడాలనీ చెప్పాడు. చెబుతూనే, ఇంత చిన్న విషయానికి ఏడుపొస్తోందేమిటా అని సిగ్గుపడ్డాడు కూడా.

సారు బ్లేడు కింద పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. తెర మీది కన్నును చాలాసేపు చూశాడు.

"ఇది ఎవరి కన్నప్పా?"

ప్రహ్లాదకు ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. "మా పాపది సార్. భార్గవిది."

"ఓహో. దీన్ని చిన్నగ ఎట్ల చేస్తారు?"

ఏ మీట నొక్కాలో ప్రహ్లాద చూపించాడు. సారు లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని ఆ మీట తనే నొక్కాడు. కన్ను చిన్నదై ముఖమైంది. ఇంకోసారి నొక్కాడు. ముఖం చిన్నదై, గళ్ళ చొక్కాలో కుర్చీ మీద కూర్చున్న పిల్ల కనబడింది. సారు ఆపలేదు. ఆ బొమ్మ ఇంకా కుంచించుకుపోయి, పక్కన ఇంకో బొమ్మ వచ్చింది, దాని పక్కన ఇంకోటి. రెండేళ్ళ పరీక్షలన్నీ వరసలు వరసలుగా తెరంతా పరుచుకున్నాయి. అప్పుడు వేలు తీసేసి, లాప్‌టాప్‌ను మళ్ళీ ప్రహ్లాద వైపు తిప్పాడు.

అలవాటు కొద్దీ ప్రహ్లాద, బృందంలో ఎవరి కెమెరా ఏదో మొదటి నుంచి చెప్పుకుపోవడం మొదలుపెట్టాడు. ఇది రవూఫ్ కెమెరా సార్. ఇది కంటి డాక్టరుగారిది, లెన్సు మంచిది, ఫ్లాష్ పనికిరాదు. ఇది రవూఫ్‌దే, కొత్త లెన్సుతో. ఇది...

అతని చూపు మళ్ళీ మొదటి బొమ్మకు పోయింది.

రవూఫ్ కెమెరా బొమ్మలో చొక్కా చేతులు పిల్ల అరచేతుల సగం దాకా దిగి ఉన్నాయి. పెరిగే పిల్ల కదా అని వదులుగా కొన్న చొక్కా అది. కాళ్ళు నేలకు అందక గాలిలో ఉన్నాయి. డాక్టరుగారి కెమెరాకు వచ్చేసరికి బొటనవేళ్ళు నేలను తాకాయి. ఆ కింది వరసలో పాదాలు నిండుగా ఆనాయి, చొక్కా చేతులు మణికట్టు దాటి పైకి పోయాయి. చివర, శశిధర్ కెమెరాలో, చొక్కా భుజాల దగ్గర బిగిసింది, పై గుండీ పట్టలేదు. నాన్నా, ఇది పట్టడం లేదని ఆరోజు పిల్ల అనడం అతనికి గుర్తుంది. ఈ ఒక్కసారికే, కదలొద్దు అని తను అనడమూ గుర్తుంది.

ఈ మధ్యలో పిల్లకు కోరపళ్ళు ఊడి మళ్ళీ వచ్చాయి. ఆ రోజులు కూడా వీటిలోనే ఎక్కడో ఉండాలి. వెతికాడు. అన్నిటిలోనూ నోరు మూసుకునే ఉంది కాబట్టి ఎక్కడా కనబడలేదు.

మొదటి బొమ్మల్లో పిల్ల నవ్వు ఆపుకుంటోంది. చెంపలు బిగపట్టి, కళ్ళల్లో నవ్వు పెట్టుకుని, నాన్న ఎప్పుడు అయిందంటాడా అని చూస్తోంది. పోను పోను అది కూడా లేదు. చివరి వరసల్లో ఆపుకోవడానికి అసలు నవ్వే లేదు. వారమంతా ఆ కళ్ళనే చూస్తూ కూర్చున్నాడు, ఒక్కసారి కూడా ఈ సంగతి అతని కంటపడలేదు.

ఫోన్ మోగింది. శశిధర్. ప్రహ్లాద దాన్ని చూస్తూ కూర్చున్నాడు గానీ ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది.

"పాప ఎప్పుడు పోతాది?" అని అడిగాడు సారు.

"రేపు పొద్దున్నే సార్."

సారు లాప్‌టాప్ మూసి, కోసిన అట్టల పక్కన పెట్టుకున్నాడు. "ఇది ఈడ ఉండనీ. పాపను దిగబెట్టి వచ్చి తీస్కపో."

"మరి ఫోటో సార్? ఏ కెమెరాతో తీయాల?"

సారు మళ్ళీ బ్లేడు అందుకున్నాడు. స్కేలు సరిచేసి, అట్ట మీద గీత చూసుకున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"ఎవరి ఫోటోనో వాళ్ళనడగాలప్పా. నన్ను కాదు."

దారిలో బండి ఆపి ప్రహ్లాద శశిధర్‌కు ఫోన్ చేశాడు. నా కోసం ఆగొద్దు, నంద్యాలాయనకే ఇచ్చెయ్ అన్నాడు. శశిధర్ గొంతు తగ్గించి, అయితే ఆ కొత్త మోడల్ సంగతి నిజమేనా అన్నా అని అడిగాడు. తనకు తెలియదని చెప్పి ప్రహ్లాద ఫోన్ పెట్టేశాడు. ఆ మాట శశిధర్ నమ్మలేదని అతనికి తెలుసు. ప్రహ్లాద ఆ కెమెరా వద్దన్నాడని ఈపాటికి బృందమంతటికీ తెలిసిపోయి ఉంటుంది. మామూలు రోజైతే దాని గురించి కూడా బెంగపడేవాడు.

ఇంటి మెట్లెక్కుతుంటే లోపలి నుంచి భార్గవి నవ్వు వినబడింది. హాస్టల్‌కు పట్టుకుపోయే ట్రంకు పెట్టె సర్దుతూ నాగవేణి ఏదో అన్నట్టుంది, పిల్ల పడీ పడీ నవ్వుతోంది. ప్రహ్లాద తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడి విన్నాడు. ఆ నవ్వు వినడానికి ఎంత హాయిగా ఉందో, అంత భయంగానూ ఉంది. రేపటి నుంచి ఈ ఇంట్లో ఇది ఉండదు.

లోపల అడుగుపెట్టాడు. భార్గవి తల తిప్పి నాన్నను చూసింది. తర్వాత భుజాన ఉన్న కెమెరా బ్యాగును చూసింది.

నవ్వు ఆగిపోయింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే చేతిలోని సబ్బుపెట్టె ట్రంకులో పెట్టి లేచింది. కిటికీ దగ్గర కుర్చీలో వెళ్ళి కూర్చుంది. వీపు నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ళ మీద ఆనించి, గడ్డం కొంచెం ఎత్తి, పెదాలు మూసుకుంది.

ప్రహ్లాద బ్యాగు తలుపు పక్కనే దించేశాడు. వచ్చి ఆ పిల్ల ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఏ ఫోటో కావాలో ఆ పిల్లనే అడగాలనుకున్నాడు, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నాగవేణి ఒకసారి అతన్ని, ఒకసారి పిల్లను చూసి, మడతపెడుతున్న లంగా ఒళ్ళో పెట్టుకుంది.

భార్గవి కదలకుండా కాచుకుంది. ఎంతసేపటికీ కెమెరా చప్పుడు వినబడలేదు. చివరికి పెదాలు వీలైనంత తక్కువ కదిపి, మెల్లగా అడిగింది.

"కదలొచ్చా నాన్నా?"

ప్రహ్లాద తల ఊపాడు.