పొయ్యి ఎక్కని ఉండలు

మొగలికోట రాజు వీరమల్ల భూపతికి తన తెల్లగుర్రమంటే ప్రాణం. ఒకసారి దానికి జబ్బు చేస్తే, "ఇది లేచి నిలబడితే నలభై రోజులు నిప్పు తగిలిన తిండి ముట్టను. పాలు, నెయ్యి, తేనె లాంటి నోరులేని జీవాల సొత్తూ ముట్టను" అని మొక్కుకున్నాడు. గుర్రం మూడోనాటికే లేచి గంతులేసింది. చతికిలబడింది రాజుగారే.

తొమ్మిదో రోజున నిండుకొలువులో నానబెట్టిన శనగలు నములుతూ ఆయన నిట్టూర్చాడు.

"గుర్రానికీ ఇవే, నాకూ ఇవే. దానికైనా పైన కాస్త బెల్లం ముక్క పెడుతున్నారు!"

అని, ఓడ వర్తకుడొకడు కానుకగా ఇచ్చిన సంచీని ముందుకు తోశాడు. "ఇది కోకో అట. పచ్చిగింజలు ఎండబెట్టి దంచిన పొడి. దీంతో నాకో మిఠాయి కావాలి. మొక్కు చెడకూడదు, ఒంట్లోకి బలం రావాలి. ఎవరు చేస్తారు?"

వంటశాల పెద్ద విరూపాక్షయ్య చిటికెడు పొడి నాలుక మీద వేసుకుని మొహం చిట్లించాడు. ఆయన చేతి వంట అమృతమని రాజ్యమంతా అనేది. అందరికంటే ముందు ఆయనే అనేవాడు.

"ఒట్టి చేదు, ప్రభూ! అయినా నెయ్యి లేని మిఠాయి ఎక్కడైనా ఉందా? పాకం పట్టకపోతే ఉండ నిలుస్తుందా? నా వల్ల కాదంటే ఎవరి వల్లా కాదనే అర్థం."

శనగల గిన్నె తెచ్చి స్తంభం పక్కన నిలబడ్డ నాంచారి నోరు ఊరుకోలేదు. వంటశాలలో పిండీ పప్పులూ దంచేది ఆవిడే.

"నేను చేస్తాను, ప్రభూ."

కొలువంతా అటు తిరిగింది. విరూపాక్షయ్య పకపకా నవ్వాడు.

"రోకలి పట్టినవాళ్లంతా వంటవాళ్లయితే ఇక గరిటెలెందుకు? సరే, చెయ్యనివ్వండి ప్రభూ. కానీ నేను రుచి చూసి బాగాలేదంటే మాత్రం ఈవిడ మళ్లీ వంటశాల గడప తొక్కకూడదు."

పదహారేళ్లుగా వంటశాల రోలే నాంచారికి కూడు పెడుతోంది. సాక్షాత్తూ అమృతం తెచ్చిపెట్టినా ఈయన బాగాలేదనే అంటాడని ఆవిడకు తెలుసు. క్షణం ఆలోచించి చేతులు జోడించింది.

"అలాగే. ఒక్క మనవి ప్రభూ. తమ తాతగారి కాలంలో విషముందేమోనని ముందుగా రుచి చూసినవారు గడియసేపు రాజుగారి ఎదుటే కూర్చునేవారట. పళ్లెం వారి ముందే ఉండాలి, ఇంకెవరూ తాకకూడదు. గడియ గడిచి, వారికేమీ కాలేదని తేలాకే బాగుందో లేదో చెప్పాలి. ఆ ఆచారం రేపు పూర్తిగా జరిపించండి."

విరూపాక్షయ్య వంట మీద నమ్మకం కొద్దీ ఆ గడియ ఏనాడో ఎగిరిపోయింది. ఆయనే ఒక ముద్ద తిని మూతి తుడుచుకోవడమే మిగిలింది.

"గడియేం ఖర్మ, పూటంతా కూర్చుంటాను!" అన్నాడాయన ఛాతీ విరిచి.

మర్నాడు పొద్దున్నే నాంచారి మేడమీద ఎండబెట్టిన పచ్చి వేరుశనగపప్పు, బాదం, నువ్వులు రోట్లో పోసింది. చెయ్యి నొప్పెట్టేదాకా దంచితే వాటిలోంచే నూనె ఊరింది. నెయ్యి బెంగ తీరింది. గింజ తీసిన ఖర్జూరాలు వేసి దంచితే ముద్ద బంకబంకగా సాగింది. పాకం బెంగా తీరింది. నల్లటి కోకో పొడి కలిపి, పన్నెండు ఉండలు చుట్టి, పచ్చికొబ్బరి తురుములో దొర్లించింది.

కొలువులో విరూపాక్షయ్య పీట మీద కూర్చున్నాడు. నాంచారి పళ్లేన్ని తెచ్చి సరిగ్గా ఆయన కుడి మోకాలి పక్కన పెట్టింది. ఆ కుడిచేతి సంగతి ఆవిడకు తెలిసినంతగా ఆయనకే తెలియదు. వంటశాలలో ఆయన కబుర్లలో పడితే పక్కనున్న జీడిపప్పు గిన్నె ఖాళీ కావలసిందే. అందుకే పనివాళ్లంతా గిన్నెలు దూరంగా జరిపేవారు.

ఆయన ఒక ఉండ కొరికాడు. కనుబొమలు ఒక్కసారి పైకి లేచాయి. వెంటనే వాటిని కిందికి దించుకుని, "ఛీ! మట్టి!" అన్నాడు.

"గడియ కాలేదండీ" అంది నాంచారి వినయంగా. "ఈలోగా అయ్యగారు మన యువరాజుగారి పెళ్లివంటల సంగతి చెబితే వినాలనుంది."

అడిగిందే చాలు. విరూపాక్షయ్య మొదలుపెట్టాడు. బూరెలు దాటి, బొబ్బట్లు దాటి, పులిహోర గుట్టల దగ్గరికి వచ్చాడు. రాజుగారు మొదట కథ విన్నాడు. తరువాత కథ మానేసి ఆ చేతినే చూడసాగాడు. మంత్రి కండువా నోట్లో కుక్కుకున్నాడు.

గడియ గంట మోగింది.

"ఇక తీర్పు చెప్పు" అన్నాడు రాజు.

"చెప్పేదేముంది ప్రభూ? చేదు. మట్టి. మనిషన్నవాడు తినలేడు!"

"మరి పళ్లెంలో మూడే ఉన్నాయేం?"

విరూపాక్షయ్య కిందికి చూశాడు. పళ్లేన్ని చూశాడు, తన వేళ్లు చూసుకున్నాడు. మీసానికి కొబ్బరి తురుము వేలాడుతోంది.

"అదీ... ఒక్క ఉండ చూస్తే సరిపోతుందా ప్రభూ? విషం ఏ ఉండలో ఉందోనని అన్నీ పరీక్షిస్తున్నాను!"

నాంచారి ఆయనకు వంగి దణ్ణం పెట్టింది.

"ప్రభుభక్తి అంటే అయ్యగారిదే, ప్రభూ! మనిషన్నవాడు తినలేని మట్టిని తమకోసం తొమ్మిదిసార్లు తిన్నారు. ఆ మూడూ కూడా తినేలోగా వారిని కాపాడండి!"

కొలువు గొల్లున నవ్వింది. రాజుగారు సింహాసనం దిగి పరుగున వచ్చి పళ్లెం లాక్కుని, ఒక ఉండ నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. తొమ్మిది రోజుల తరువాత ఆయన మొహంలో నవ్వు కనిపించింది.

చేతి కంకణం తీసి నాంచారికిస్తూ, "మిగిలిన రోజులూ నా వంట నీదే. విరూపాక్షయ్య దంచుతాడు" అన్నాడు.

"చిత్తం ప్రభూ. కానీ రోలు ఆయనకు అందేలా, పళ్లెం అందకుండా పెట్టిస్తాను" అంది నాంచారి.

ఈసారి విరూపాక్షయ్యకూ నవ్వాగలేదు. మీసం మీది కొబ్బరి నాలుకతో అందుకుంటూ, "చేదేం లేదులే" అని ఒప్పుకున్నాడు.