బొంతలో వచ్చిన అద్దం

మోక్షం కావాలని ఆశ్రమంలో చేరిన ఓబులేసుకు, పన్నెండేళ్లు తిరిగేసరికి ఒక్క పూట కంటినిండా నిద్ర దొరికితే చాలనిపించింది.

ఆశ్రమం అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. పొద్దుటూరికి అవతల, నల్లరేగడి చేల మధ్య నాలుగు రేకుల గదులు, ఒక చేతిపంపు, ముందర ఒక అరుగు. గురువు హుసేనప్ప తాత. దూదేకులవాడు. నడివయసు దాటేదాకా ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులూ బొంతలూ కుట్టి నెత్తిన పెట్టుకుని అమ్మాడు. తర్వాత ఎందుకో జనం ఆయన చుట్టూ కూర్చోవడం మొదలుపెట్టారు. బొట్టు పెట్టుకున్నవాళ్లూ వచ్చేవారు, టోపీ పెట్టుకున్నవాళ్లూ వచ్చేవారు. ఎవరు వచ్చినా ఆయన చెప్పేది తక్కువ, కుట్టేది ఎక్కువ. డెబ్భై ఆరేళ్లొచ్చినా చేతిలో సూది ఆగలేదు.

ఓబులేసు అంతకుముందు లారీ డ్రైవరు. వచ్చిన మొదటి రోజే తాత కాళ్లమీద పడి ఉపదేశం అడిగాడు. తాత రొంటిన దోపుకున్న కారు తాళాలు తీసి అతని చేతిలో పెట్టాడు.

"మెల్లగా పో నాయనా" అన్నాడు.

ఉపదేశం అంతే. మిగతాది రేపు చెబుతాడేమో, ఎల్లుండి చెబుతాడేమో అని ఓబులేసు కొన్నాళ్లు ఎదురుచూశాడు. తర్వాత ఎదురుచూడ్డానికి కూడా తీరిక లేకపోయింది.

ఆ కారు ఎవరో భక్తుడు ఇచ్చిపోయిన పాతబండి. అట్లాంటిది తయారుచేయడం మానేసి ఇరవై ఏళ్లు దాటింది. అయినా చుట్టుపక్కల ఏడు ఊళ్లకు అదే దిక్కు. కాన్పు నొప్పులైనా, పాము కరిచినా, ముసలోళ్ల కంటి ఆపరేషన్ అయినా ఆశ్రమం ఫోను మోగేది. ఓబులేసు లేచేవాడు. ఇవి కాక సోమవారం, గురువారం తప్పని ప్రయాణం ఒకటి. కిడ్నీలు పాడైన ముగ్గుర్ని తెల్లారేసరికి కడప పెద్దాసుపత్రిలో దించాలి. మిషను మీద రక్తం శుద్ధి చేయించుకుని, పిండేసిన గుడ్డల్లా బయటికి వస్తారు. వాళ్లను సాయంత్రానికి ఇళ్లకు చేర్చాలి. ఆ ముగ్గురిలో తిమ్మక్క అందరికన్నా పెద్దది. ఒంటరి మనిషి.

ఒక సోమవారం తిరిగొస్తుంటే కంకర టిప్పరు చక్రం కింద నుంచి రాయి ఎగిరొచ్చి ముందద్దానికి తగిలింది. అద్దం ఒక్క క్షణంలో పగుళ్లు పాకి మొత్తం తెల్లబడిపోయింది. దారి కనిపించలేదు. ఓబులేసు పిడికిలితో అద్దాన్ని పొడిచి, ఆ కంతలోంచి చూస్తూ, మొహాన దుమ్ము కొట్టుకుంటూ ముగ్గుర్నీ ఇళ్లకు చేర్చాడు. చేతికి కట్టు కట్టుకుని మరుసటి రోజు అద్దం వెతకడానికి బయల్దేరాడు.

పొద్దుటూరులో అద్దాల అంగళ్లవాళ్లు ఆ కారు పేరు వినగానే నవ్వారు. "ఇంకా తిరుగుతాందా అది?" అని ఒకడు ఆశ్చర్యపోయాడు. కడపలో నాలుగు అంగళ్లు తిరిగితే నాలుగుచోట్లా అదే మాట. ఆ సైజు రాదు, వచ్చే దారి లేదు. చివరికి బుధవారం మధ్యాహ్నం కడప శివార్లలో పాత బండ్లు విప్పి అమ్మే దస్తగిరి దగ్గరికి పోయాడు. అక్కడ తుమ్మచెట్ల కింద అచ్చం అట్లాంటి కారే ఒకటి, చక్రాలు లేకుండా, ఇంజను లేకుండా పడి ఉంది. ముందద్దం మాత్రం చెక్కుచెదరలేదు.

దస్తగిరి దాన్ని జాగ్రత్తగా ఊడదీసి గోడకు ఆనించాడు. "మా యమ్మను ఆసుపత్రికి మోసింది మీ బండే కదన్నా, నన్నేం అడగొద్దు, తీసకపో" అన్నాడు. "అయితే ఉత్త చేతుల్తో బస్సులో వద్దు. ఏదన్నా మెత్తటిది చుట్టకపోవల్ల. ఇది పోతే ఈ జిల్లాలో ఇంకోటి ల్యా."

ఓబులేసు సుద్దముక్క అడిగి తీసుకుని, అద్దం మీద పెద్ద అక్షరాలతో రాశాడు: ఓబులేసు, ఆశ్రమం బండికి. రేపు వస్తానని చెప్పి బస్సెక్కాడు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. తల అటు ఆనించాడో లేదో నిద్ర పట్టేసింది. ఎన్నేళ్ల నిద్రో అది. దిగాల్సిన చోటు దాటి మూడు ఊళ్లు పోయాక కండక్టరు భుజం తట్టి లేపాడు. రోడ్డు మీద నిలబడి తిరుగుబస్సు కోసం చూస్తుంటే ఓబులేసుకు ఒక సంగతి తట్టింది. రెండు రోజుల నుంచి ఎవరూ ఫోను చేయలేదు. బండి లేదని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పిలవరు. అద్దం వచ్చేదాకా ఎవరూ పిలవరు.

ఆశ్రమం చేరేసరికి తాత అరుగు మీద బొంత కుడుతున్నాడు.

"దొరికెనా నాయనా?"

"లేదు తాతా" అన్నాడు ఓబులేసు.

ఆ మాట అనాలని అనుకుని అన్నది కాదు. నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఒక్కరోజు పడుకుని రేపు నిజం చెబుదాం, లేకపోతే రేపు దొరికిందని చెబుదాం, ఏం మునిగిపోతుంది అనుకున్నాడు. మరుసటి రోజు పొద్దున రోగులు ముగ్గురూ బస్సులో పోయి వచ్చారని తెలిసింది. పోగలిగారు కదా అనుకున్నాడు. సాయంత్రం తాత మళ్లీ అడిగాడు. ఓబులేసు మళ్లీ లేదన్నాడు. రోజూ పొద్దున పొద్దుటూరు పోతున్నానని చెప్పి బయల్దేరేవాడు. బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చునేవాడు. సాయంత్రానికి తిరిగొచ్చేవాడు.

తమాషా ఏమిటంటే ఏ నిద్ర కోసం ఇదంతా చేశాడో ఆ నిద్ర రాలేదు. బెంచీ మీద కునుకు పట్టబోతే, ఎవరో తెలిసినవాళ్లు చూస్తున్నట్టు ఉలిక్కిపడేవాడు. ఆశ్రమంలో పడుకుంటే మోగని ఫోను కోసం చెవులు నిక్కబొడుచుకుని ఉండేవి. లారీ తోలే రోజుల్లో కూడా అంత అలుపు ఎరగడు.

రెండో గురువారం మధ్యాహ్నం తిమ్మక్క ఆశ్రమానికి వచ్చింది. చెప్పులు వేసుకోలేక చేతిలో పట్టుకుని వచ్చింది. కాళ్లు అంతగా వాచాయి. అరుగు మీద కూలబడి చాలాసేపు ఆయాసపడింది.

"బస్సు కిక్కిరిసిపోయింది తాతా, ఎక్కలేకపోతి. ఈ దినం మిషను తప్పిపాయ. ఫోను చేస్తే శనివారం పొద్దున రమ్మన్నారు. ఆ దినమూ తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతాయంట."

తర్వాత ఓబులేసు వైపు తిరిగింది. అతని మొహం చూసి ఆమె మొహంలో జాలి కనిపించింది.

"ఎంత పీక్కపోయినావు నాయనా! అద్దం కోసరం ఊర్లన్నీ తిరుగుతాండావంటనే. మా కోసరం నీకు ఎంత కష్టమొచ్చె." కొంగుముడి విప్పి నాలుగు బెల్లపు పాకం ఉండలు అతని చేతిలో పెట్టింది. "నేను తినగూడదులే. నువ్వు తిను."

ఓబులేసు వాటిని పట్టుకుని నిలబడ్డాడు. ఆ క్షణాన భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. కానీ అప్పుడూ నిజం చెప్పలేదు. ఒకరోజు అబద్ధమైతే చెప్పుకోవచ్చు. తొమ్మిది రోజుల అబద్ధాన్ని ఎక్కణ్నుంచి మొదలుపెట్టి విప్పాలి?

తాత సూది దారం పక్కన పెట్టాడు.

"రేపు నేను పోయి అడిగొస్తా" అన్నాడు.

"మీరేంటికి తాతా, నేను పోతా!" ఓబులేసు ఒక అడుగు ముందుకేశాడు.

"నువ్వు అలిసినావు."

"యాడని అడుగుతారు?"

"నువ్వు అడిగిన చోట్లనే."

మరుసటి రోజు పొద్దున తాత కుట్టడం పూర్తయిన బొంత ఒకటి చుట్టి చంకన పెట్టుకుని బస్సెక్కి పోయాడు. అద్దం ఉందో లేదో తెలియనివాడు బొంత ఎందుకు తీసుకుపోతాడు? ఓబులేసు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు. వసారా ఊడ్చాడు. ఊడ్చిందే మళ్లీ ఊడ్చాడు. కారు ముందర మిగిలిన అద్దప్పెంకులన్నీ ఒక్కొక్కటే ఏరాడు. అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు కడిగి ఎండబెట్టాడు. సంచి సర్దుకుని వెళ్లిపోదామా అని కూడా అనుకున్నాడు. సంచిలో రెండు చొక్కాలు పెట్టాడు, తీశాడు.

ఎండ కాస్త వాలాక చేల గట్టు మీద తాత కనిపించాడు. నెత్తిన బొంత మూట. పరుపులు అమ్ముకునే రోజుల్లో నడిచినట్టే, ఒక చెయ్యి పైకెత్తి మూట పట్టుకుని, రెండో చెయ్యి ఊపుకుంటూ వస్తున్నాడు. రోడ్డు నుంచి ఆశ్రమానికి ముప్పావు గంట నడక. ఓబులేసు పరుగెత్తాడు. మూట అందుకున్నాడు. ఎంత బరువుందో భుజానికి తెలిసింది. తాత ఒళ్లంతా చెమట.

అరుగు మీద పెట్టి బొంత విప్పారు. అద్దం మీద సుద్దముక్క అక్షరాలు కొంచెం చెదిరాయి గానీ చదవడానికి వస్తున్నాయి. తన పేరు, తన చేతిరాత.

ఓబులేసు అద్దం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తాతా, నేను..."

"సబ్బునీళ్లు కలుపు" అన్నాడు తాత.

బకెట్లో సబ్బునీళ్లు వచ్చాయి. తాత భుజం మీది తుండుగుడ్డ తీసి అందులో ముంచి పిండాడు. అద్దాన్ని ఒక కొస నుంచి మొదలుపెట్టి తుడిచాడు. దుమ్ము పోయింది, దాంతోపాటు పేరూ పోయింది. తుడిచినంతసేపూ ఆయన అద్దాన్నే చూశాడు, ఓబులేసును చూడలేదు.

పాతబండ్లకు అద్దం బిగించడం ఇద్దరి పని. అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, రబ్బరు గాడిలో సన్నటి తాడు పోనిస్తారు. బయట ఒకరు అద్దాన్ని రెండు అరచేతులతో చట్రంలోకి నొక్కాలి. లోపల ఒకరు తాడు కొస పట్టుకుని కొంచెం కొంచెంగా లాగాలి. తాడు వచ్చేకొద్దీ రబ్బరు అంచు రేకు మీదికి ఎక్కుతుంది. బయటివాడు నొక్కకముందే లోపలివాడు లాగితే అద్దం పగులుతుంది. ఇది పగిలితే మరోటి లేదు.

తాత లోపల కూర్చున్నాడు. ఓబులేసు బయట నిలబడ్డాడు. మధ్యలో అద్దం. గురువు మొహం అంత దగ్గరగా, అంతసేపు ఓబులేసు ఎప్పుడూ చూడలేదు. కళ్ల కింద ముడతలు, నెత్తిన మూట ఒరుసుకుని కందిన నుదురు.

"నువ్వు చెప్తేనే లాగుతా" అన్నాడు తాత లోపల్నుంచి.

ఓబులేసు నొక్కాడు. "లాగండి."

జానెడు తాడు వచ్చింది.

"లాగండి తాతా."

మరో జానెడు. పై అంచు అయింది, కుడి పక్క అయింది. మూల తిరిగేచోట రబ్బరు మొరాయించింది. ఓబులేసు అరచేతులు చెమటకు జారాయి. తాత తాడు వదలకుండా ఆగాడు. తొందరపెట్టలేదు, ఏమైందని అడగలేదు. చేతులు తుడుచుకుని ఓబులేసు మళ్లీ నొక్కి, "లాగండి" అన్నాడు. కింది అంచు టక్కున కూర్చుంది. తాడు మొత్తం తాత చేతిలోకి వచ్చేసింది.

ఓబులేసు అట్లాగే బానెట్టు మీద తల ఆనించి ఏడ్చాడు. పన్నెండేళ్లలో ఎన్నడూ ఏడవని మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. తాత కారు దిగొచ్చి, పక్కన నిలబడి, తాడును వేళ్లకు చుట్టుకుంటూ ఉండిపోయాడు.

ఏడుపు ఆగాక అడిగాడు.

"ఈ తొమ్మిది దినాల్లో ఒక్క దినమన్నా కంటినిండా నిద్రపోయినావా నాయనా?"

ఓబులేసు మొహం తుడుచుకున్నాడు.

"లేదు తాతా."

తాత అరుగు దగ్గరికి నడిచాడు. అద్దం చుట్టిన బొంతను దులిపాడు. గాజు పొడి ఏమైనా అంటుకుందేమోనని అరచేత్తో నాలుగు మూలలా తడిమి చూశాడు. అరుగు మీద చక్కగా పరిచి, తల పెట్టుకోవడానికి ఒక కొస మడతపెట్టాడు.

"పడుకో" అన్నాడు. "రేపు తిమ్మక్కను తీసకపోయే పొద్దుకు నేనే లేపుతా."