తెలియని గొంతు

ఒకామె ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. ఆమె తల్లి పోయాక, తల్లి తిట్లు అందులో మిగిలాయి.

అవును, తిట్లే. ముద్దుగా మాట్లాడ్డం ఆ తల్లికి చేతకాదు. "ఓసి నీ మొహం మండ! పొద్దెక్కినా మెతుకు ముట్టలేదటే?" అని ఫోన్లో అరిచేది. అలాంటివి కొన్ని కూతురు రికార్డు చేసి దాచుకుంది. ఇంకెక్కడా లేవు. రోజూ ఒకటి వింటేనే ఆమెకు ముద్ద దిగేది.

ఒకరోజు కంప్యూటర్ మరీ నీరసంగా కదిలింది. పక్కింటావిడ తొంగి చూసి, "పురుగేదో దూరింది వదినా. కాపలా కంపెనీని పిలు. ఊరు ఊరంతా తాళంచెవులు వాళ్ళ చేతిలోనే పెట్టింది" అంది.

కాపలావాడు వచ్చాడు. వాడి చేతి లాంతరు మంచిని చూస్తే పచ్చగా, చెడును చూస్తే ఎర్రగా వెలుగుతుంది.

"కంప్యూటర్లో అన్ని గదులూ తెరవండమ్మా."

"అన్నీ ఎందుకు?"

"దొంగ ఏ గదిలో ఉన్నాడో మాకు మాత్రం ఏం తెలుసు?"

కంప్యూటర్ గొణిగింది. "మరి నిన్నెవరు సోదా చేశారు?"

"మా కంపెనీయే" అన్నాడు వాడు, గర్వంగా.

ఆమె తెరిచింది. భయపడ్డవాళ్ళు గుమ్మంలో బేరమాడరు.

వాడు నిజంగానే ఓ మూల పురుగును పట్టి చంపాడు. ఆమెకు గురి కుదిరింది. "ఇకనుంచి ప్రతిదానికీ మిమ్మల్ని అడిగి విసిగించను" అని వాడంటే, "సరే నాయనా" అంది.

తల్లి గొంతు ఉన్న గదిలో లాంతరు ఎర్రబడింది. వాడు చెవొగ్గాడు. ఎవరిదో మొహం మండిపోవాలంటోంది ఆ గొంతు. కంపెనీ ఎరిగిన గొంతుల్లో ఇది లేదు. తుడిచేశాడు.

లాంతరు పచ్చగా వెలిగింది.

"ఇల్లు క్షేమం అమ్మా. ఎవరో ఒకావిడ మిమ్మల్ని రోజూ బెదిరిస్తోంది. లేకుండా చేశాను."

ఆమె పరుగున వెళ్ళి ఆ గది చూసింది. కడిగిన నేల. ఎంత శుభ్రమో!

"అది మా అమ్మరా!"

"మా కంపెనీకి తెలిసిన అమ్మలెవరూ అలా మాట్లాడరండీ" అన్నాడు వాడు, ఎంతో మర్యాదగా.

అప్పుడామె నోరు విప్పింది. "నీ కంపెనీ కూలిపోనూ! నీ చేతులు పడిపోనూ!"

అచ్చం తల్లి గొంతే. కంప్యూటర్ కూడా ఉలిక్కిపడింది.

కాపలావాడికి కోపం రాలేదు. చెవి రిక్కించి విన్నాడంతే. లాంతరు మెల్లగా ఎర్రబడింది. వాడు దాన్ని ఆమె ముఖం దాకా ఎత్తాడు.