మట్టపర్తి వారి దయ్యాల పెట్టె

రెండువేల పందొమ్మిది, మండువేసవి. మామిడి రసం చాపల మీద పోసి తాండ్ర ఆరబెట్టే రోజులు. ఆ గోదావరి లంకల్లో మట్టపర్తి వారంత తెలివైన కుటుంబం ఇంకోటి లేదు. ఎవరన్నారు? వాళ్ళే అన్నారు.

"మనకి చెప్పిన మాట చెప్పినట్టు అర్థమవుతుంది. ఊళ్ళోవాళ్ళకి చెప్పనిది కూడా అర్థమైపోతుంది, అందుకే చెడిపోతున్నారు" అనేవాడు ఇంటిపెద్ద గవర్రాజు. ఆ మాట వింటే అతని భార్య పేరంటాలుకి కడుపు నిండిపోయేది. మిగతా రోజుల్లో కడుపు నింపేది మాత్రం ఆవిడ తాండ్రే. ఏడాది పొడుగునా ఇల్లు గడిచేది ఆ చాపల మీదే.

ఓ రోజు మరిది అబ్బులు రాజమండ్రి నించి ఓ పెట్టె తెచ్చాడు. అందులో ఇల్లు గీసిన అట్ట, నాలుగు బొమ్మలు, కార్డుల కట్ట.

"దయ్యాల ఆట వదినా! వారానికో ఆట. ఈ వారం చేసింది పై వారం కూడా అలాగే ఉంటుందిట, చెరపడానికి లేదు. ఆడినవాళ్ళని అడిగాను. ఒకాయన భలే ఉందన్నాడు. ఇంకొకాయన ఒక్కసారే ఆడగలం, దండగ అన్నాడు. కార్డు చెప్పినట్టు చెయ్యకపోతే మాత్రం ఆట చెడిపోతుందని అందరూ అన్నారు."

అంతే, నలుగురూ తలో బొమ్మ తీసుకుని మొదటి కార్డు తీశారు. 'ఇది మీ ఇల్లు. వంటింట్లో దయ్యం చేరింది. తలుపు మీద ఎర్ర బిళ్ళ అంటించండి. ఇక ఎవరూ లోపలికి వెళ్ళకూడదు.'

ఇంకేముంది, పేరంటాలు లేచి వెళ్ళి తన వంటింటి తలుపుకే బిళ్ళ అంటించి వచ్చింది.

పక్కింటి కొండలరావు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అది అట్ట మీద ఇల్లమ్మా! మీ ఇల్లు కాదు!"

"జానెడు అట్ట మీద దయ్యం ఎలా పడుతుంది బాబూ? కాళ్ళెక్కడ చాపుకుంటుంది?"

గిన్నెలన్నీ లోపలే ఉండిపోయాయి. ఆ వారం నించీ పెరట్లో బకెట్లో అన్నం వండుకుని తిన్నారు.

రెండో వారం ఆటలో పేరంటాలు అత్తగారు చిట్టెమ్మ బొమ్మ చచ్చిపోయింది. 'చనిపోయినవారు ఇక మాట్లాడకూడదు' అంది కార్డు.

"నేనెప్పుడు పోయానే?"

"ఇప్పుడే అత్తయ్యా. మాట్లాడకండి."

"నొప్పే తెలీలేదు సుమీ" అని చిట్టెమ్మ నోరు మూసేసుకుంది.

అంతే, గవర్రాజు గుండు చేయించుకున్నాడు. పదో రోజు భోజనాలు పెట్టారు. మొదటి పంక్తిలో చిట్టెమ్మే కూచుని, ఇంకో రెండు గారెలు కావాలని వేళ్ళు చూపించింది. "పాపం, బతికుండగా కూడా గారెలంటే ప్రాణం" అని పేరంటాలు కళ్ళొత్తుకుంది.

ఆఖరి వారం ఆఖరి కార్డు వచ్చింది. 'దయ్యం పోవాలంటే ఇల్లు తగలబెట్టండి.' పెట్టె మూత మీద ఇంకో ముక్క కూడా ఉంది: 'ఈ పెట్టెని నిప్పుకి దూరంగా ఉంచండి.'

పేరంటాలు చాపల వైపు చూసింది. "ఏవండీ, మరి నా తాండ్ర? చాపలన్నీ చూరు పక్కనే ఉన్నాయి."

"కార్డులో తాండ్ర మాట ఉందా?"

"లేదు."

"తాండ్రని కాల్చమనలేదు కదా, అదెందుకు కాలుతుందే?"

నిజమే కదా అనుకుని స్థిమితపడింది.

మిట్టమధ్యాహ్నం అబ్బులు అగ్గిపుల్ల గీశాడు. తాటాకు ఇల్లు, ఇంకేముంది! పెట్టెని పసిపిల్లలా ఎత్తుకుని పేరంటాలు బయటికొచ్చింది. కొండలరావు బిందెలతో పరిగెత్తుకొస్తే గవర్రాజు అడ్డం నిలబడ్డాడు. "ఆట చెడగొడతావుటయ్యా?"

మంట చాపల వైపు తిరిగింది. ముందుగా చూసింది చిట్టెమ్మ. చచ్చిన మనిషి కదా, నోరు విప్పలేదు. చేతులూపింది. చాపలు చూపించింది. కోడలి కొంగు పట్టి లాగింది.

"ఏవండీ, పోయినావిడ నన్ను రమ్మంటోంది!"

"అటు చూడకు! కళ్ళు మూసుకో!"

పేరంటాలు గట్టిగా కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి చాపల్లేవు.

సాయంత్రం నలుగురూ బూడిద పక్కన కూచున్నారు.

"ఆట ఎలా ఉందని పెట్టె అమ్మిన కొట్టాయన అడుగుతాడన్నయ్యా. ఏం చెప్పమంటావు?" అన్నాడు అబ్బులు.

"బాగుందని చెప్పు. ఒక్కసారే ఆడగలం, దండగ అన్నాడే ఒకాయన, ఆయన తెలివైనవాడు. రెండోసారికి ఇల్లుండదు."

పేరంటాలు లేచింది. "ఎందుకుండదండీ?" అని పెట్టె చంకన పెట్టుకుని కొండలరావు గుమ్మం ఎక్కింది.

"బాబూ, వచ్చే వేసవికి మీ ఇల్లు ఓసారి ఇస్తారా? ఆడుకుని ఇచ్చేస్తాం."

ఆ వేసవిలో మట్టపర్తి వారి ఇల్లూ, వంటసామానూ, ఏడాది తాండ్రా కాలిపోయాయి. పెట్టెకి మసి కూడా అంటలేదు.