కలిపిన నక్క, కప్పిన తాబేలు

అడవంటే అలాంటిలాంటి అడవి కాదు. అందులో ఒక మద్దిచెట్టు నీడ పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి పక్క జిల్లా చేరేది. అంతటి అడవి అంచున, మనుషులు వదిలేసి పోయిన ఒక బంగళా. కప్పు మీద ఎండతో కరెంటు పుట్టించే పలకలు, లోపల ఒక కంప్యూటరు, ఆ కంప్యూటరు ముందు భల్లన్న అనే ఎలుగుబంటి.

భల్లన్న సామాన్యుడా! ఒకసారి తుమ్మితే కొండ మీది బండలన్నీ దొర్లిపడి, కింద ఇంకో కొండ లేచింది. అంతటివాడు రోజూ పొద్దువాలే వేళకు మౌసు మీద గోరు ఆనించి, పసిబిడ్డను నిద్రలేపినంత మెత్తగా ఒకే ఒక ఆట తెరిచేవాడు. దాని పేరు ‘ఏడు కోటల రాజ్యం’. అందులో మనమొక వేషం కట్టి ఊరూరూ తిరిగి కోటలు గెలవాలి. భల్లన్న ఆడే వేషం గండరుడు. ఆ బుర్రమీసం, ఆ సొట్టముక్కు, కోపమో నవ్వో తెలియని ఆ చూపు, అన్నీ భల్లన్న వాళ్ల అన్న కూర్చుని దిద్దినవే. ఆరు కోటలు అన్నే గెలిచాడు. ఏడోది మిగిలుండగా వేటగాళ్ల ఉచ్చులో పోయాడు.

గండరుడు మిగిలాడు. ఆటలో పొయ్యి దగ్గర చతికిలబడితే వాడు, “ఇంకాసేపు కూర్చుందాం” అంటాడు. అన్న కూడా ఉన్నన్నాళ్లూ రోజూ అదే మాట అనేవాడు. ఏడో కోట గెలిస్తే ఆట అయిపోతుందని, భల్లన్న ఆ కోట గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగేవాడు.

చూడవచ్చే జనం ఊరుకుంటారా? పాతొక రోత, కొత్తొక వింత.

“ఇంత రాజ్యంలో ఒక్క వాన చినుకు లేదేం?” అంది కప్ప.

“మామిడిచెట్టు లేని రాజ్యమూ ఒక రాజ్యమేనా!” అంది కొమ్మచ్చి అనే కోతి.

నెమలి, గండరుడి నెత్తి మీది కిరీటం వంక చూసి ముక్కు తిప్పింది.

వాళ్ల గోల భరించలేక డేగ పట్నం దాకా ఎగిరి, ఒక పెన్‌డ్రైవు కాళ్లతో పట్టుకొచ్చింది. దాన్నిండా మాడ్‌లు. మాడ్ అంటే ఆటకు తగిలించే అదనపు సొగసు. ఒకటి వాన, ఒకటి తోట, ఒకటి ఈకల కిరీటం. ఒకటైతే ముద్దే. గంపెడు తగిలిస్తే ఒకదాని కాలు ఒకటి తొక్కుతుంది. వాటిని సర్దడానికి ఒక మేనేజరు కావాలని సభ తీర్మానించింది. మేనేజరుకు భల్లన్న తెచ్చే తేనెపట్టులో సగం.

సగం తేనెపట్టు అనగానే నక్క టక్కయ్య తోక ఊపుకుంటూ వచ్చేశాడు.

“బావా! ఒక్క నొక్కుడు. రెప్ప మూసి తెరిచేలోగా గంపంతా ఆటలో కలిపేస్తాను. పాలల్లో పంచదార కలిసినట్టు కలిసిపోవాలి, ఏది ఆటో ఏది మాడో బ్రహ్మదేవుడికే తెలియకూడదు.”

వెనకే తాబేలు నిదానమ్మ వచ్చింది. అంటే, గుమ్మం దగ్గర కనబడింది. లోపలికి వచ్చేసరికి రెండు వానాకాలాలు దాటాయని గిట్టనివాళ్లు అంటారు.

“నేను కలపను నాయనా, కప్పుతాను,” అంది. “నీ ఆట ఎక్కడిది అక్కడే ఉంటుంది. దాని మీద వాన ఒక పొర, తోట ఒక పొర. ఏది పైనుండాలో, ఏది కిందుండాలో ఒక్కొక్కటీ పెట్టి చూసుకోవాలి. ఆలస్యమవుతుంది.”

“అత్తా, నువ్వు కప్పేలోగా కొమ్మచ్చికి మనవలు పుడతారు!” అన్నాడు టక్కయ్య. బంగళా కిటికీలు ఊడిపడేలా నవ్వారు అందరూ.

భల్లన్న నవ్వలేదు. కలపడమూ కప్పడమూ చెవికి ఒకలాగే ఉన్నాయి. కానీ మధ్యలో గండరుడున్నాడు. “రేపు సాయంత్రం చెబుతాను” అని సభ లేపేసి, పొద్దున్నే బంగళా వెనక్కి వెళ్లాడు. అక్కడ బసవయ్య నెమరు వేస్తున్నాడు. ఒకప్పుడు గంగిరెద్దు. తల ఊపితే సన్నాయివాడు రాగం మరిచిపోయేవాడు. కాలెత్తితే ఊరంతా ఒక కాలెత్తి నిలబడేది.

“తాతా, ఇద్దరిలో ఎవరిని పెట్టుకోను?”

బసవయ్య నెమరు మింగాడు. “నా వీపు మీద ఎన్ని బొంతలు కప్పారో లెక్కలేదురా. అద్దాలవి, గవ్వలవి, పట్టుచీర ముక్కలవి. ఒకరోజు బొంతతో సహా బురదలో పడ్డాను. బొంత తీసి ఉతుక్కున్నారు. కింద ఎద్దు ఎద్దులాగే ఉంది. ఇంకోసారి ఒక మహానుభావుడు, ‘బొంతలెందుకు, శాశ్వతంగా ఉంటుంది’ అని కొమ్ములకు ఏదో రంగు పూశాడు. ఊరు మెచ్చింది. తర్వాత వద్దనుకుని గీకారు.” ఎడమకొమ్ము వంచి చూపించాడు. అది కుడికొమ్ము కన్నా బెత్తెడు కురచ. “రంగు పోయింది. దాంతోపాటు నేనూ కాస్త పోయాను.”

భల్లన్న ఆ కొమ్మును తడిమి చూశాడు.

“మరి ఎవరిది బొంతో ఎవరిది రంగో ముందే తెలిసేదెలా?”

“పెట్టమంటే తెలియదు. పెట్టేటప్పుడు అందరూ పనిమంతులే. తియ్యమను.”

మధ్యాహ్నం భల్లన్న నిదానమ్మ చెవిలో ఏదో చెప్పాడు. ఆమె తల ఊపి, కంప్యూటరు ముందు చాలాసేపు కూర్చుంది. సాయంత్రం జనం కిక్కిరిశారు.

“టక్కయ్య బావా, కానియ్యి!”

టక్కయ్య ఒళ్లు విరుచుకుని, ఒక్క నొక్కుడు నొక్కాడు. ఆహా! ఏడు కోటల మీద ఏడు సముద్రాల వాన! మామిడికాయలు ఏనుగు తలలంత! కిరీటం మీద ఈకలు మెరిసిన మెరుపుకు బంగళాలో గబ్బిలాలు తెల్లారిందనుకుని పడుకున్నాయి. కప్ప గంతులేసింది.

టక్కయ్య తేనెపట్టు వైపు చెయ్యి చాపాడు.

“ఆగు బావా, ఒక్క చిన్న పని,” అన్నాడు భల్లన్న. “గండరుడు తడిసిపోతున్నాడు. ఆ వాన తీసెయ్యి.”

“వాన... తియ్యడమా?”

“పెట్టినవాడివేగా.”

“శుభమా అని కురుస్తుంటే తియ్యమంటావేంటి? కప్ప ఏడుస్తుంది.”

“నేనేం ఏడవను,” అంది కప్ప. “తియ్యి, చూద్దాం.”

టక్కయ్య మీసాలు చెమర్చాయి. ఏదో పీకాడు. వాన పోయింది. వానతోపాటు నదులూ పోయాయి, ఎందుకంటే వాన వచ్చేటప్పుడు పాత నీళ్లను తుడిచేసి ఆ చోట్లో కూర్చుంది. “ఒక్క క్షణం!” అని ఇంకోటి పీకాడు. తోట పోతూ నేలను లాక్కుపోయింది. కోటలు గాలిలో వేలాడాయి. కిరీటం పీకాడు. గండరుడి ముక్కూ మీసమూ ఊడి, తల ఉండాల్సిన చోట బూడిదరంగు గుండ్రం మిగిలింది. తర్వాత తెర నల్లబడింది. ఇక తెరుచుకోలేదు.

“కలిపింది నేను కాబట్టి విడదీయగలిగేదీ నేనొక్కణ్ణే,” అన్నాడు టక్కయ్య, గొంతు సర్దుకుని. “మెల్లిగా బాగుచేస్తాను బావా. అందాకా రోజూ సగం పట్టు...”

“ఓహో, ఇదా అసలు సంగతి!” అన్నాడు భల్లన్న. “విప్పలేని ముడి వేసి, ముడికి కాపలా కాసినందుకు తేనె! బాగుచెయ్యి బావా, నీ ఓపికున్నన్నాళ్లు చెయ్యి. అది నకలు. నీ చేతికిచ్చే ముందే నిదానమ్మత్త అసలు ఆటను తీసి పక్కన పెట్టేసింది. విత్తనపు గింజలు ఎవరైనా తిండిగింజల్లో కలుపుతారా?”

టక్కయ్య తోక కాళ్ల మధ్య పెట్టుకుని గుమ్మం దాటుతుంటే కొమ్మచ్చి కిటికీ ఎక్కి అరిచింది. “మామా! పోతూ పోతూ నీ మామిడిచెట్టు తీసుకుపోరాదూ! అయ్యో, తియ్యడం రాదు కదూ!”

నిదానమ్మ అసలు ఆట మీద వాన కప్పింది, తోట కప్పింది, కిరీటం కప్పింది. కప్పేసరికి చాలామందికి కునుకు పట్టింది. ఈకలు ఆకుల్లో చిక్కుకుంటే కిరీటాన్ని పై పొరకు మార్చింది.

“తియ్యనా?” అంది.

“తియ్యత్తా.”

ఒక్కొక్కటీ తీసింది. వాన పోయింది, నది ఉంది. తోట పోయింది, నేల ఉంది. కిరీటం పోయింది. అదే బుర్రమీసం, అదే సొట్టముక్కు, కోపమో నవ్వో తెలియని అదే చూపు.

తేనెపట్టు సగం విరిచి నిదానమ్మ ముందు పెట్టి, భల్లన్న గండరుణ్ణి ఏడో కోట గుమ్మం నుంచి వెనక్కి తిప్పి పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు.

“ఇంకాసేపు కూర్చుందాం,” అన్నాడు గండరుడు.

తుమ్ముతో కొండ లేపిన భల్లన్న, కంట్లో పొగ పడిందని ముంజేత్తో తుడుచుకున్నాడు. తెరలోని పొయ్యికి పొగ ఎక్కడిదని అడిగే ధైర్యం ఆ అడవిలో ఎవరికీ లేకపోయింది.

నీతి: పెట్టేవాడి వేగం చూసి మురిసిపోకు, తియ్యమని అడిగి చూడు.