గుమ్మడితోటలో మంత్రుల ఉద్యోగం

ఒకానొక రాజ్యంలో వంకరంటే గిట్టని రాజు ఒకడుండేవాడు. పేరు గజకేతనుడు. వేసవి విడిదికి వెళ్ళేటప్పుడు తన రథం కోట పక్క చిట్టడవిని చుట్టి పోవడం ఆయనకు పరమ అవమానంగా తోచింది.

"నేను వంపు తిరగాలా? పనీపాటా లేని ముళ్ళపొదలకు అంత మర్యాదా? కొట్టేయండి! బాట గీత గీసినట్టుండాలి" అన్నాడు. మంత్రులంతా భేష్ భేష్ అన్నారు. సగం అడవి నేలకూలింది.

ఆ ఏడు రాజుగారి తోటలో గుమ్మడితీగలు నిండుగా పాకాయి, విరగబూశాయి. కాయ మాత్రం ఒక్కటీ నిలవలేదు. పిందెలన్నీ పసుపెక్కి రాలిపోయాయి. గుమ్మడికాయ పులుసు లేనిదే రాజుగారికి ముద్ద దిగదు. ఎరువు మార్పించాడు, దిష్టిబొమ్మ పెట్టించాడు, శాంతి చేయించాడు. అయినా పిందె రాలుతూనే ఉంది. ఏమీ పాలుపోక తోటమాలి నూకయ్యను పిలిపించాడు.

"కాయలు ఎక్కడ అమ్ముకుంటున్నావురా?"

"కాస్తే కదా మహాప్రభో, అమ్ముకోడానికి!" నూకయ్య గొల్లుమన్నాడు.

"పున్నమిలోగా పిందె నిలవకపోతే పెళ్ళాంబిడ్డలతో రాజ్యం విడిచి పో!"

అప్పుడు కొలువులో మాటకారి పేరిశాస్త్రి లేచాడు. "నూకయ్య తప్పేం లేదు ప్రభూ. తోటలో పనివాళ్ళు తక్కువయ్యారు. తమ మంత్రులను ఒక్క ఉదయం నాకు అప్పగించండి. పిందెలు నిలబెడతాను."

రాజుకు ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పుకోవడం నామోషీ. అందుకని గంభీరంగా "సరే" అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే తోటకు వెళ్ళి నోరు వెళ్ళబెట్టాడు. మహామంత్రి పట్టుపంచె ఎగగట్టి, మగపువ్వు చేత్తో పట్టుకుని, మోకాళ్ళ మీద పాకుతున్నాడు. ఆ పుప్పొడిని ఒక్కో ఆడపువ్వుకూ అద్దుతున్నాడు. వెనక సేనాపతి, ఆయన వెనక రాజపురోహితుడు. పైగా ముగ్గురూ "జుమ్... జుమ్..." అంటున్నారు.

మతి పోయింది తనకో వాళ్ళకో రాజు తేల్చుకోలేకపోయాడు. "ఏమిటిది శాస్త్రీ?"

"ఖాళీ అయిన ఉద్యోగాలు నింపాను ప్రభూ. పాతవాళ్ళను తమరే తీసేశారుగా!"

"నేనా? ఎవర్ని?"

"చిట్టడవిలోని తేనెటీగలను. రోజూ పొద్దున్నే వచ్చి ఈ పని చేసిపోయేవి. ఏనాడూ జీతమడగలేదు. బాట కోసం వాటి ఇళ్ళు కొట్టించారు. మిగతా సగం కూడా కొట్టిస్తే ఊళ్ళో దోస, బీర, సొర అన్నీ ఇంతే. అప్పుడు మంత్రులు చాలరు. తమరూ మోకాళ్ళ మీదికి దిగాలి."

రాజు బాట వంక చూశాడు. తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు. "మరి ఆ జుమ్ జుమ్ దేనికయ్యా?"

"దానివల్ల లాభమేమీ లేదు ప్రభూ. తమరేమన్నా వంత పాడటం వీరికి అలవాటు. ఆ అలవాటు పోకూడదని నేర్పాను."

రాజు ముఖం ఎర్రబడింది. కాసేపు తల గోక్కున్నాడు. చివరికి, "నూకయ్య జోలికి ఎవరూ పోవద్దు. మిగిలిన అడవిని చుట్టి బాట వేయండి. కొట్టిన చోట మళ్ళీ మొక్కలు నాటండి. ఏమంటారు మహామంత్రీ?" అన్నాడు.

"జుమ్... ప్రభూ!" అన్నాడు మహామంత్రి, కంగారులో.

రాజు కిరీటం జారిపోయేలా పడీపడీ నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి పేరిశాస్త్రి మెడలో వేశాడు.

పున్నమికి పిందెలు నిలిచాయి. తొలికాయ పులుసు తిన్న రోజు రాజు వేసవి విడిదికి బయలుదేరాడు. అడవి దగ్గర రథం వంపు తిరుగుతుంటే సారథితో, "మెల్లగా పోనీరా, లోపల మనవాళ్ళు పనిలో ఉంటారు" అన్నాడు.